అరవై ఫోన్లు వెనక బెంచీల్లో వద్దు, ఒక్క ఫోను సార్ బల్ల మీద చాలు!

విద్యార్థినీ విద్యార్థులారా! ఉస్మానియా హాస్టళ్లలో, తార్నాక రూముల్లో ఉంటున్న మిత్రులారా!

పరీక్షలకు పది రోజుల ముందు వాట్సాప్ గ్రూపులో ఒక ఆడియో పడుతుంది. యాభై నిమిషాల క్లాసు. పెట్టుకుని వింటే ఏముంది? ఫ్యాన్ల రొద, బెంచీ కిర్రుమనడం, ఎవడో చిప్స్ ప్యాకెట్ చింపడం, మధ్యలో ఆర్ట్స్ కాలేజీ స్టేషన్ మీదుగా పోయే రైలు కూత. మేడమ్ గొంతు మాత్రం బావిలోంచి వచ్చినట్టుంటుంది. "ఇది చాలా ముఖ్యం, రాసుకోండి" అన్నది వినబడుతుంది. ఏది ముఖ్యమో వినబడదు!

చూపున్నవాళ్లం ఎవరి నోట్సో జిరాక్స్ తీయించుకుని గట్టెక్కుతాం. మనతో చదువుకునే చూపు లేని మిత్రుల సంగతేమిటి? వాళ్లకు ఆ ఆడియోనే నోట్సు, అదే పుస్తకం. రాత్రి డ్యూటీ చేసి పొద్దున క్లాసు అందుకోలేని వాళ్లదీ అదే గతి.

తప్పు ఫోనుది కాదు, దాన్ని పెట్టిన చోటుది. నోటికీ మైకుకూ దూరం రెట్టింపైన ప్రతిసారీ సూటిగా చేరే గొంతు 6 డెసిబెల్స్ పడిపోతుంది. అర మీటరు నుంచి ఎనిమిది మీటర్ల దూరంలోని వెనక బెంచీకి పోతే నష్టం 24 డెసిబెల్స్. ఫ్యాను రొద మాత్రం ఎక్కడ కూర్చున్నా ఉంటుంది. 1939లో తెరుచుకున్న ఆర్ట్స్ కాలేజీ రాతి గోడలు, ఎత్తైన కప్పులు ఫొటోలకు బాగుంటాయి గానీ, అలాంటి గదుల్లో వెనక్కి చేరేది ఎక్కువగా ప్రతిధ్వనే. ముందుగా మాయమయ్యేవి స, శ, ష, త లాంటి బలం లేని శబ్దాలు. హల్లులు పోయి అచ్చులే మిగిలితే మాట మాటగా ఉండదు. తర్వాత యాప్‌తో బాగుచేద్దామనుకోకండి, రికార్డు కాని అక్షరాన్ని ఏ యాపూ పుట్టించలేదు.

అందుకే మా పిలుపు: క్లాసుకు ఒక్క ఫోను, రోజుకొకరి వంతు.

ముందు అడగండి. సార్ వద్దంటే అక్కడితో ఆపేయండి. దొంగచాటు రికార్డింగుకు ఈ కరపత్రం పూచీ కాదు. వికలాంగులకు వీలైన రూపంలో కాపీ చేసుకోవడానికి కాపీరైట్ చట్టంలో 2012 సవరణ వెసులుబాటు ఇచ్చింది, ఆ మాట మర్యాదగా చెప్పి చూడండి. ఒప్పుకున్నాక ఆ ఆడియో గ్రూపు దాటి యూట్యూబు ఎక్కకూడదు.

ఫోను అడుగు అంచున, ఛార్జింగ్ రంధ్రం పక్కన ఉండే చిన్న చిల్లే మైకు. దాన్ని మాట్లాడేవారి వైపు తిప్పండి. కింద కర్చీఫ్ మడతపెడితే బల్ల మీద పుస్తకం పడ్డా దబ్బుమనదు. ఫ్లైట్ మోడ్ వేయండి. బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌ను మైకుగా వాడకండి, అవి గొంతును ఫోన్‌కాల్ స్థాయికి కుదించేస్తాయి. ల్యాప్‌టాప్‌తో రికార్డు చేస్తే ఛార్జర్ పీకేయండి, కరెంటు గుయ్యిమనే మోత చాలాసార్లు అక్కడే పోతుంది. బోర్డు దగ్గర అటూ ఇటూ తిరిగే సార్లకు కాలర్ మైకు కావాలి. కోఠి గుజరాతీ గల్లీకి కొనడానికి వెళ్తే పిన్ను చూడండి: రెండు నల్ల గీతలుంటే సాధారణంగా కెమెరాది, మూడుంటే ఫోనుది. డబ్బుల్లేవా? మైకున్న పాత వైరు ఇయర్‌ఫోన్‌ను సార్ కాలర్‌కు క్లిప్పుతో పెట్టి, ఫోను జేబులో వేయమనండి.

ఇంకొకటి, మైకు కన్నా పెద్దది. "దీన్ని దీంతో గుణిస్తే ఇదొస్తుంది" అని బోర్డు చూపిస్తే వినేవాడికి ఏం అర్థమవుతుంది? "సార్, రాసింది పైకి చదవండి" అని చేయెత్తి అడగండి. నవ్వేవాళ్లు నవ్వనీ.

మోనోలో 64 కేబీపీఎస్ పెడితే గంట క్లాసు 29 ఎంబీ దాటదు, డేటా ప్యాకు గురించి భయం లేదు. ఫైలుకు తేదీ, సబ్జెక్టు, పాఠం పేరు పెట్టండి. "రికార్డింగ్ 47" అని ఉంటే స్క్రీన్ రీడర్ చదివినా లాభం లేదు.

రేపు మొదటి పీరియడ్‌కు ఐదు నిమిషాలు ముందే వెళ్లండి. అర నిమిషం రికార్డు చేసి విని చూడండి. ఎవరి వంతు ఏ రోజో కాగితం మీద రాసి తలుపుకు అంటించండి. మొదటి పేరు మీదే రాయండి.

— మీ తోటి విద్యార్థులు, తార్నాక