పాడైంది ప్లాంటా? పైపు ముక్కా?

పల్లెల్లో దొడ్డివైపు వెళితే ఇప్పటికీ కనిపిస్తుంటాయి గోబర్ గ్యాస్ ప్లాంట్లు. కొన్నింటి చుట్టూ పిచ్చి మొక్కలు. కొన్నింటి గుమ్మటం మీద పిడకలు ఆరేసి ఉంటాయి. పేడతో గ్యాసు తీయాల్సిన ప్లాంటు మీదే పిడకలు ఎండబెట్టుకుంటున్నామంటే తప్పెక్కడుందో ఒకసారి ఆలోచించాలి.

ఆ మధ్య ఓ ఊళ్లో ఒక పెద్దాయనను అడిగాను. ‘‘ఏం పెదనాన్నా, ఇది నడవట్లేదా?’’

‘‘ఎక్కడిది నాయనా! మూడేళ్లాయె మూలబడి. ప్లాంటు పాడైంది’’ అన్నాడు.

దొడ్డిలో అయిదు గొడ్లున్నాయి. పేడంతా పెంటకుప్ప పాలవుతోంది. వంటింట్లోకి వెళ్లి చూస్తే పొయ్యికి తగిలించిన రబ్బరు ట్యూబు బీటలు వారింది. బర్నరు చిల్లులు తుప్పుతో పూడిపోయాయి. మంట తగ్గినప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. సిలిండరు ఉంది కదా అని పేడ వేయడం మానేశారు. మానేశాక లోపలున్నది కాస్తా గట్టిపడింది. ట్యూబు ముక్కతో పోయేదానికి ఇప్పుడు గుంతంతా తోడించాల్సిన పని పడింది.

నేను చెప్పదలచుకున్నది ఇదే. ప్లాంటు ఒక్కసారిగా పాడవదు. అరిగిపోయిన చిన్న సామాను మార్చకపోతే మనమే దాన్ని పాడుపెడతాం.

లెక్క చూడండి. 2 ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు సుమారు 50 కిలోల పేడ, అంతే నీళ్లు కావాలి. నాలుగైదు పశువులుంటే చాలు. నలుగురైదుగురున్న ఇంట్లో వంటకు ఆ గ్యాసు సరిపోతుంది. ఒక ఘనపు మీటరు గ్యాసు దాదాపు 450 గ్రాముల సిలిండరు గ్యాసుతో సమానం. అంటే ప్లాంటు నిండుగా నడిస్తే పదహారు రోజులకో సిలిండరు మిగిలినట్టే. చలికాలంలో కొంత తగ్గుతుంది. దానికితోడు స్లర్రీ ఉండనే ఉంది. పిడక కాలిస్తే నత్రజని పొగలో పోతుంది. ప్లాంటులో వేస్తే గ్యాసు పొయ్యికి వస్తుంది, ఎరువు చేనుకు పోతుంది. ఎకరం, రెండెకరాల రైతుకు ఇది చిన్న విషయం కాదు.

మంట తగ్గితే ముందు చూడాల్సినవి చేతికందే దూరంలోనే ఉంటాయి. మంట ఎగిరెగిరి పడుతుంటే పైపులో నీరు చేరినట్టు. గ్యాసులోని తేమ నీరై పల్లంలో నిలుస్తుంది. అక్కడున్న నీటి తొట్టి బిరడా విప్పి తీసేయాలి. తర్వాత ట్యూబు, వాల్వు, అతుకుల మీద సబ్బు నురుగు రాయండి. బుడగ లేచిన చోట గ్యాసు పోతున్నట్టు. అగ్గిపుల్ల గీసి మాత్రం ఎన్నడూ చూడొద్దు. బీటలు వారిన ట్యూబుకు గుడ్డ చుట్టి సరిపెట్టొద్దు, కొత్తది వేయండి.

ఇక బర్నరు. ఈ గ్యాసులో కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడు కొంచెం ఉంటుంది. తేమతో కలిసి అది లోహాన్ని తినేస్తుంది. అందుకే బర్నరు, వాల్వు ముందుగా పోతాయి. చిల్లుల్ని సన్న తీగతో శుభ్రం చేయాలి గానీ మేకు పెట్టి పెద్దవి చేయకూడదు. మంట పచ్చగా సాగుతుంటే గాలి చాలనట్టు, బర్నరు మీంచి లేచిపోతుంటే ఎక్కువైనట్టు. గాలి బిళ్లను సర్దితే నీలి మంట వస్తుంది. బర్నరు మార్చాల్సి వస్తే గోబర్ గ్యాసుకు చేసిన ఐ.ఎస్.ఐ. మార్కుదే కొనండి. సిలిండరు పొయ్యి జెట్టు సన్నగా ఉంటుంది, దీనికి పనికిరాదు.

ఇనుప డ్రమ్ము ప్లాంటైతే ఏటా రంగు వేయించాలి. రోజూ డ్రమ్మును కాస్త తిప్పితే పైన కట్టిన తెట్టు విరుగుతుంది. 1984లో వచ్చిన దీనబంధు రకానికి డ్రమ్ము ఉండదు, ఇటుక గుమ్మటమే. అది బీట ఇస్తే మేస్త్రీ పనే. ఇక్కడొక హెచ్చరిక. గుంతలోకి ఎవరూ సొంతంగా దిగొద్దు. లోపలి గాలి ప్రాణం తీస్తుంది. మొత్తం తోడి, రోజుల తరబడి గాలి ఆడనిచ్చాకే శిక్షణ పొందిన మనిషి, నడుముకు తాడు కట్టుకుని, పైన ఇద్దరుండగా దిగాలి. దగ్గర్లో బీడీ కూడా వెలగకూడదు. లోపల ఎవరైనా పడిపోతే కాపాడదామని మరొకరు దిగితే ఇద్దరూ పోతారు.

రైతుది మాత్రమే తప్పా అంటే కాదు. జాతీయ బయోగ్యాస్ పథకం 1981-82లో మొదలైంది. సబ్సిడీలిచ్చి ఊరూరా కట్టించారు. కట్టిన సంస్థ అయిదేళ్ల పాటు మరమ్మతులు చూడాలనే నిబంధన తర్వాత పెట్టారు. మంచిదే. కానీ బాగా కట్టిన గుమ్మటం ఇరవై ఏళ్లుంటుంది. ట్యూబు, వాల్వు, బర్నరు అన్నేళ్లు ఉండవు. అసలు అవసరం అయిదేళ్లు దాటాకే పడుతుంది. అప్పుడు రైతు ఎవరి గడప తొక్కాలి? ట్యూబు కోసం బస్సెక్కి టౌనుకు పోతే ‘‘ఆ సామాను రావట్లేదు’’ అంటారు. కొత్త ప్లాంట్లు ఎన్ని కట్టారో లెక్క చెబుతారు. పాతవాటిలో ఎన్ని వెలుగుతున్నాయో కూడా ఆ లెక్క పక్కనే చెప్పాలి.

అడగాల్సింది పెద్ద కోరికేం కాదు. మండలానికి ఒక శిక్షణ పొందిన మెకానిక్కు, ఎరువులు అమ్మే సొసైటీలోనే ట్యూబులు, వాల్వులు, బర్నర్లు. ఆంధ్రలో, తెలంగాణలో ఈ పని చూసే ఇంధన సంస్థలు ఉండనే ఉన్నాయి. ఒక్కరు అడిగితే అర్జీ, పదిమంది అడిగితే పని. ఊళ్లో ప్లాంట్లున్న రైతులంతా కలిసి వెళ్లండి.

గొడ్లు అమ్మేసుకుని ట్రాక్టరుకు మళ్లినవాళ్లకు ఈ మాట వర్తించదు. పేడ లేనిదే గ్యాసు రాదు. వాళ్లు ఆ గుంతను పిల్లలు పడకుండా పూడ్చేస్తే మేలు. కానీ దొడ్డిలో నాలుగు పశువులుండి ప్లాంటు మూలబడ్డ రైతు మాత్రం, రేపు పొద్దున పేడ ఎత్తి పెంటమీద వేసే ముందు ఒకసారి ఆ ట్యూబు చేత్తో వంచి చూడండి.