ఏ నేరానికి ఓటు పోతుంది? మిసిసిపీ జాబితా చెప్పే సంగతి

అమెరికాలో ఏడాదికి మించి జైలు పడే నేరాన్ని సాధారణంగా ఫెలనీ అంటారు. ఏది ఫెలనీ, దానికెంత శిక్ష అన్నది చాలావరకు ఆయా రాష్ట్రాల చట్టాలే తేలుస్తాయి. శిక్ష జైలుతో ఆగదు. మిసిసిపీ 1890 రాజ్యాంగంలోని సెక్షన్ 241 చూడండి. దొంగతనం, ఫోర్జరీ, మోసంతో సొమ్ము రాబట్టడం వంటివి చేస్తే ఓటు పోతుంది. హత్య, అత్యాచారం చేస్తే పోదు! నల్లజాతివాళ్లే ఎక్కువగా చేస్తారని తెల్ల పాలకులు అనుకున్న నేరాలను ఏరి పెట్టారు. ఈ మాట 1896లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టే దాచకుండా ఒప్పుకుంది. హత్య, అత్యాచారం జాబితాలోకి ఎక్కింది 1968లో. పాత నేరాలు చాలావరకు అలాగే ఉన్నాయి. శిక్ష పూర్తయినా ఓటు తిరిగి రావాలంటే గవర్నర్ క్షమాభిక్షో, చట్టసభల్లో మూడింట రెండొంతుల మద్దతో కావాలి. 2024లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు ఈ నిషేధాన్ని సమర్థించింది.

పుట్టుకనే నేరంగా లెక్కగట్టిన 1911 నాటి నేరస్త తెగల చట్టం కింద మన ఎరుకల కుటుంబాలు నలిగాయి కాబట్టి ఈ తర్కం మనకు తెలిసిందే. మరి ఇప్పుడు? ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 62(5) అయితే నేరం ఏ తరగతిదో కూడా అడగదు, రుజువైందా అనీ అడగదు. విచారణ ఖైదీకి సైతం ఓటు లేదు. (2013 సవరణ తర్వాత జైల్లోంచి పోటీ మాత్రం చేయొచ్చు.) ఒకే కేసులో పూచీకత్తు కట్టగలిగినవాడు బయటికొచ్చి ఓటేస్తాడు. జామీను దొరకని దళిత కూలీ పోలింగ్ రోజున లోపలే ఉంటాడు.