చివరి ఖర్చు పురపాలికదే

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో నా అన్నవారు లేని మనిషి కన్నుమూస్తే దహనానికైనా ఖననానికైనా చాలాసార్లు చందాలే దిక్కు. ఇరుగుపొరుగు తలా కొంత వేసుకుంటారు, వాట్సాప్‌లో విజ్ఞప్తి తిరుగుతుంది, నలుగురు యువకులు పాడె మోస్తారు. వారికి చేతులెత్తి మొక్కాల్సిందే. అయితే ఆ పూట వారు ఊళ్లో లేకపోతే శవం ఎవరి బాధ్యత? మున్సిపాలిటీది. ఈ మాటను పాలకవర్గాలు తీర్మానంగా రాసుకోవాలి.

దీనికి దారి పక్కనే ఉంది. కరీంనగర్ నగరపాలక సంస్థ 2019 జూన్ 15 నుంచి ఒక్క రూపాయికే అంత్యక్రియల పథకాన్ని తెచ్చింది. ‘అంతిమ యాత్ర – ఆఖరీ సఫర్’ అని రెండు భాషల్లో పేరు పెట్టడంలోనే ఏ మతం వారికైనా వర్తిస్తుందన్న సంగతి తెలిసిపోతుంది. వాహనం, కట్టెలే కాక, వచ్చిన బంధువుల్లో 50 మందికి 5 రూపాయల భోజనం కూడా అందులో చేర్చారు.

ఈ మూడు పట్టణాల్లో ఒంటరితనానికి ప్రత్యేక కారణాలున్నాయి. జగిత్యాల, కోరుట్ల పల్లెల నుంచి మగవాళ్లు దశాబ్దాలుగా గల్ఫ్ బాట పట్టారు. ముసలితల్లి పోయిన రోజున కొడుకు పాస్‌పోర్టు అక్కడి యజమాని దగ్గరే ఉండిపోయి, అతను రాలేకపోవచ్చు. సిరిసిల్లలో మరమగ్గాల కార్మికులు చాలామంది అద్దె ఇళ్లలో ఉంటారు. శవాన్ని లోపలికి తేవద్దని ఇంటి ఓనరు అడ్డుపడితే ఆ కుటుంబం రోడ్డు పక్కన టెంటు వేసి, అద్దె ఫ్రీజర్ పెట్టె ముందు రాత్రంతా కూర్చోవాలి. బంధువులుండి కూడా అనాథలయ్యే స్థితి అది.

విచిత్రమేమంటే, కోరుట్ల మనిషి దుబాయ్‌లో దిక్కులేక చనిపోతే భారత కాన్సులేట్ దగ్గర 2009లో ఏర్పడిన ప్రవాస భారతీయుల సంక్షేమ నిధి ఉంది. శవాన్ని స్వదేశానికి పంపడానికో, అక్కడే అంత్యక్రియలు జరపడానికో ఆ డబ్బు వాడవచ్చు. అదే మనిషి సొంతూరి బస్టాండులో ప్రాణం విడిస్తే పోలీసుల పంచనామా, ఆసుపత్రి మార్చురీ, ఆ తర్వాత ఎవరో ఒకరి దయ!

గౌరవం బతికున్నవారికే కాదు, మృతదేహానికీ ఉంటుందని సుప్రీంకోర్టు 1995లో పరమానంద్ కటారా కేసులో చెప్పింది. ఇల్లూవాకిలీ లేనివారికి వారి మతాచారం ప్రకారం అంత్యక్రియలు జరగాలని 2002లోనూ స్పష్టం చేసింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1984 చట్టం ఈ పనిని స్థానిక సంస్థల మీదే పెట్టింది. మన దగ్గర పల్లె ప్రగతి, పట్టణ ప్రగతి కింద వైకుంఠధామాలు కట్టారు. స్థలం సమకూరింది, కట్టెల డబ్బే కరవు.

ఉచితమంటే ఉన్నవాళ్లూ ఎగబడతారని కొందరి వాదన. కట్టెల కోసం అనాథనని చెప్పుకునేవాడు ఎక్కడుంటాడు? వార్డులో ఎవరు ఎలా బతికారో పారిశుధ్య సిబ్బందికి తెలియనిదేం కాదు.

రాబోయే బడ్జెట్లోనే మూడు పురపాలక సంఘాలూ ఇందుకు వేరే పద్దు పెట్టాలి. శ్మశానం దగ్గరే ఫ్రీజర్ ఉన్న ఒక గది కట్టి, అద్దె ఇళ్లవారికి ఇవ్వాలి. కాగితాల పేరుతో శవాన్ని ఆపకూడదు. పేరు, ఫొటో, తేదీ నమోదు చేసి అస్థికలను కొన్ని నెలలు భద్రపరచాలి. గల్ఫ్ నుంచి ఆలస్యంగా వచ్చిన కొడుకు వాటిని ధర్మపురి గోదావరిలో కలుపుకునే వీలుండాలి.