పెట్టేటప్పుడే రాసుకోవాలి

శక్తినగర్‌లో మాకు క్వార్టర్ ఇచ్చిన రోజు నాన్నతో ఒక కాగితం మీద సంతకం చేయించుకున్నారు. ఫ్యాన్లు ఇన్ని, ట్యూబ్‌లైట్లు ఇన్ని, తాళంచెవులు ఇన్ని అని. తర్వాత మేం చేయించుకున్న చెక్క అల్మారా అందులో లేదు, కాబట్టి అది మాది. ఖాళీ చేసే రోజు గొడవ ఉండదు. మన డిపార్ట్‌మెంట్ కంప్యూటర్‌కి కూడా అలాంటి కాగితం కావాలని అంటున్నాను. ఎందుకంటే అందులో పాత సంచికలు పాడైంది నా వల్లే.

మా ఇంట్లో అమ్మది తెలుగు, నాన్నది కన్నడ. రెండూ ఒకేచోట టైపు చేసుకోవచ్చని ఒక ప్రోగ్రామ్ సోర్సు తెచ్చి, లినక్స్‌లో 'మేక్ ఇన్‌స్టాల్' కొట్టాను. అది 'యూఎస్ఆర్ లోకల్' కింద తలా ఒకచోట ఫైళ్లు పడేసింది, కొన్ని 'బిన్'లో, కొన్ని 'లిబ్'లో, కొన్ని 'షేర్'లో. సరిగ్గా పనిచెయ్యలేదు. తీసేద్దామంటే ఏది దానిదో తెలీదు. 'మేక్ అన్‌ఇన్‌స్టాల్' అనేది ప్రోగ్రామ్ రాసినవాళ్లు పెడితేనే ఉంటుంది, వీళ్లు పెట్టలేదు. అందాజుగా తుడిచేశాను. అదే 'షేర్'లో సీనియర్లు వేసుకున్న ఫాంట్లూ పోయాయి. ఇప్పుడు పాత సంచిక తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చి గుర్తులు. అవి యూనికోడ్ ఫాంట్లు కావు మరి, ఫాంటు పోతే తెలుగే పోయినట్టు.

వింతేంటంటే పోతన, వేమన ఫాంట్లకి ఏమీ కాలేదు. అవి 'ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా' అనే ప్యాకేజీగా వచ్చాయి, వాటి చోటు వేరు. ఉబుంటు, డెబియన్‌లలో ప్యాకేజీ ఎక్కగానే దాని ఫైళ్ల జాబితా 'డీపీకేజీ' రాసి పెట్టుకుంటుంది. తీసెయ్యమంటే ఆ జాబితా చూసే తీస్తుంది. ఒక ఫైలు చూపించి ఇది ఎవరిదని అడిగినా చెప్తుంది.

"ఫార్మాట్ కొట్టెయ్, అదే పోతుంది" అన్నాడు ల్యాబ్ అన్న. పోతుంది, మిగిలిన సంచికలతో సహా! మా ఫ్రెండ్ ఏమో తేదీ చూసి కొత్త ఫైళ్లు తీసెయ్యమంది. కొన్ని ఫైళ్లు పాత తేదీతోనే వచ్చి కూర్చుంటాయే, వాటినేం చేస్తాం? 'చెక్‌ఇన్‌స్టాల్' అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది. 'మేక్ ఇన్‌స్టాల్'ని తనే నడిపి, ఎక్కడెక్కడ ఏం పెడుతోందో కనిపెట్టి, అంతా ఒక ప్యాకేజీగా కట్టేస్తుంది. తర్వాత మామూలుగా తీసెయ్యొచ్చు. వాడేటప్పుడు మన హోమ్ ఫోల్డర్‌లో పుట్టే సెట్టింగులు మాత్రం దానికీ దొరకవు, అవి మనమే చూసుకోవాలి.

అందుకే కంప్యూటర్ పక్కన ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాను. ఏం ఎక్కించారు, ఎలా ఎక్కించారు, తేదీ, పేరు. మొదటి పేజీలో నా తప్పే రాసి ఉంది. మూడో సంవత్సరం అక్కలూ, ఆ పాత ఫాంట్లు ఎవరి పెన్‌డ్రైవ్‌లోనైనా ఉంటే సోమవారం తెచ్చివ్వండి.