ఆస్తితో పాటు అప్పూ!

నా మొదటి ఉద్యోగం, షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే చిన్న కంపెనీలో. చేరి ఎనిమిది నెలలైంది. ఓ శుక్రవారం పొద్దున్నే మా లీడ్ వచ్చి, "చీర వెనక్కి తెచ్చిస్తే రిటర్న్ బిల్లు కొట్టే ఆప్షన్ కావాలట. సాయంత్రానికి అవుతుందా?" అన్నారు.

లోలోపల నవ్వుకున్నా. బిల్లు క్లాస్ రెడీగా ఉంది కదా! కస్టమర్ పేరు, వస్తువులు, పన్ను, మొత్తం... అన్నీ అందులోనే. రిటర్న్ బిల్లు కూడా బిల్లే కదా అనుకుని, దాన్నుంచి ఇన్‌హెరిట్ చేసి ఇంకో క్లాస్ తీశా. కొత్తగా రాసింది ఇరవై లైన్లు. టీ టైమ్‌కి అయిపోయింది. కాలేజీలో చెప్పిన 'కోడ్ రీయూజ్' అంటే ఇదేనని కాలర్ ఎగరేశా.

ఆ రాత్రి విజయవాడలో ఓ చీరల షాపు గల్లాలో రూ.8,400 తక్కువొచ్చాయి. క్యాష్ కౌంటర్లో కుర్రాడి చేత మూడుసార్లు లెక్కపెట్టించారట. జీతంలో కోస్తానన్నాడట ఓనరు. "నేను తీయలేదు, సాఫ్ట్‌వేర్‌లోనే ఏదో తేడా ఉంది" అని ఆ అబ్బాయి మొండికేస్తే, శనివారం పొద్దున మాకు ఫోనొచ్చింది.

ఆ రోజు రిటర్న్ ఒక్కటే. రూ.4,200 చీర. 8,400 అంటే సరిగ్గా రెండింతలు. అది చూడగానే నా కాళ్లు చల్లబడ్డాయి.

బిల్లు క్లాస్‌లో 'సేవ్' అని ఓ మెథడ్ ఉంది. అది బిల్లుని దాచి ఊరుకోదు. రోజు అమ్మకాల్లో కలుపుతుంది, కస్టమర్‌కి పాయింట్లు కూడా వేస్తుంది. నా రిటర్న్ బిల్లు అదీ వారసత్వంగా తెచ్చుకుంది. తగ్గాల్సిన 4,200 అమ్మకాల్లో కలిసింది, గల్లాలోంచి మాత్రం నిజంగానే 4,200 బయటికెళ్లాయి. తాత ఇల్లు కావాలని సంతకం పెడితే ఆయన బాకీలూ నా పేరు మీదకొచ్చాయన్నమాట. టెస్ట్ చేయలేదా అంటారేమో. చేశా. ప్రింట్ చాలా బాగా వచ్చింది!

పెద్దపెద్దవాళ్లూ ఇక్కడ జారారు. జావాలో మొదట్నుంచీ 'స్టాక్' అనే క్లాస్ ఉంది. స్టాక్ అంటే టిఫిన్ సెంటర్లో ప్లేట్ల దొంతర లాంటిది. పైన పెట్టాలి, పైనుంచే తీయాలి. కానీ దాన్ని 'వెక్టర్' నుంచి ఇన్‌హెరిట్ చేశారు. వెక్టర్‌లో ఎక్కడ కావాలంటే అక్కడ చొప్పించొచ్చు. దాంతో ఈరోజుకీ జావా స్టాక్ మధ్యలో ప్లేటు దూర్చొచ్చు, అడుగుది లాగేయొచ్చు, ఎవరూ ఆపరు. ఇప్పుడు మారుద్దామంటే పాత ప్రోగ్రాములు కూలతాయి. అందుకే దాన్నలాగే ఉంచేసి, స్టాక్ కావాలంటే 'డెక్' వాడుకోండని డాక్యుమెంటేషన్‌లో సలహా ఇస్తున్నారు.

బార్బరా లిస్కోవ్ 1987లోనే ఓ ప్రసంగంలో ఈ సంగతి తేల్చారు. పేర్లు కలిశాయా అని కాదు చూడాల్సింది. తల్లి క్లాస్ వాడిన ప్రతిచోటా పిల్ల క్లాస్‌ని పెట్టినా ప్రోగ్రామ్ సరిగ్గా నడవాలి. అమ్మకాల మొత్తం దగ్గర నా రిటర్న్ బిల్లుని పెడితే ఏమైందో చూశాం కదా! 1994లో వచ్చిన 'డిజైన్ ప్యాటర్న్స్' పుస్తకం కూడా ఇన్‌హెరిటెన్స్ కంటే కంపోజిషన్ వైపే మొగ్గమంది. అంటే వారసత్వం అడగకుండా, కావాల్సిన ముక్కని పక్కన పెట్టుకుని పని చేయించుకోవడం. ఇన్‌హెరిటెన్స్ దండగ అనను. మొబైల్ స్క్రీన్ మీద బటన్ల లాంటి చోట హాయిగా పనిచేస్తుంది. కాకపోతే టైపింగ్ తగ్గుతుందని వాడకూడదు, నాలాగా.

శనివారం మధ్యాహ్నానికి వస్తువులు, పన్ను లెక్కల్ని విడిగా ఓ చిన్న క్లాస్‌గా తీశా. బిల్లూ, రిటర్న్ బిల్లూ ఎవరికి వారు దాన్ని తమ దగ్గర పెట్టుకుంటాయి. ఎవరి 'సేవ్' వాళ్లదే. ఈసారి అరవై లైన్లు పైనే అయింది.

సాయంత్రం షాపుకి ఫోన్ చేసి ఓనరుకి తప్పు మాదేనని చెప్పి, ఆ కుర్రాడికి ఇవ్వమన్నా. సారీ చెప్పా. కాసేపు మాట్లాడలేదు.

"మీరేనా సార్ రాసింది?" అన్నాడు.

"నేనే."

"జీతం కోయనన్నార్లెండి. కానీ ఆ చీర వాపస్ ఇచ్చినావిడకి 42 పాయింట్లు పడ్డాయి. అవి తీసేస్తే ఊరుకోనని పొద్దుట్నుంచీ రెండుసార్లొచ్చింది. ఏం చెప్పమంటారు?"