అడిగినవారికి చెబుదాం, అడగనివారికి సేవ చేద్దాం



సంఘాల నుంచి మాకు తరచుగా ఒక ప్రశ్న వస్తుంది. "ఈ ఏడాది మీ ఆసుపత్రి ద్వారా ఎంతమంది ప్రభువును తెలుసుకున్నారు?" అని. ప్రేమతో అడిగే ప్రశ్నే అది. కానుకలిచ్చి, ఉపవాసముండి మా కోసం ప్రార్థించేవారికి అడిగే హక్కు కూడా ఉంది. అయినా ఆ లెక్క మేము రాయడం లేదు. రాయకూడదని మా అభిప్రాయం. ఎందుకో ఈ సంచికలో చెప్పాలనుకుంటున్నాం.

ముందు మంచం మీద ఉన్న మనిషి స్థితి చూడండి. చేతికి సెలైను పెట్టి ఉంటుంది. లేచి వెళ్లలేడు. బెడ్‌ప్యాన్ కావాలన్నా, నొప్పికి ఇంజెక్షన్ కావాలన్నా మా మీదే ఆధారం. అలాంటి సమయంలో ఒక సిస్టరు కరపత్రం తెచ్చి చేతిలో పెడితే వద్దనడానికి ధైర్యం చాలదు. వద్దంటే సరిగా చూడరేమో, బిల్లులో రాయితీ ఇవ్వరేమో అని లోపల భయం ఉంటుంది. భయంతో ఊపిన తల విశ్వాసం కాదు. అలాంటి తలలను లెక్కపెట్టి నివేదికలో రాస్తే చదివినవారు సంతోషించవచ్చు గాని ప్రభువు సంతోషించడు.

ప్రభువు ఎలా స్వస్థపరచాడో లూకా సువార్త 17వ అధ్యాయంలో చూస్తాం. కుష్ఠురోగులు పదిమంది బాగయ్యారు. తిరిగి వచ్చి కృతజ్ఞత చెప్పినవాడు ఒక్కడే, వాడూ సమరయుడు. మిగతా తొమ్మిదిమంది ఎక్కడని ప్రభువు అడిగాడు గాని, వారికిచ్చిన స్వస్థతను వెనక్కు తీసుకోలేదు. అదే సువార్త 10వ అధ్యాయంలోని మంచి సమరయుడు గాయాలు కట్టాడు, సత్రంలో చేర్చాడు, ఖర్చు తానే పెట్టుకుని తన దారిన వెళ్లాడు. గాయపడినవానితో ఏ మాటా ఇప్పించుకోలేదు. నర్సుల పనికి ఇంతకన్నా మంచి పాఠం లేదు.

"అయితే సువార్త చెప్పవద్దంటారా? చెప్పకపోతే ఎలా వింటారు?" అని పెద్దలు అడుగుతారు. రోమా పత్రిక 10వ అధ్యాయం మేమూ చదువుకున్నాం. దీనికి జవాబు మన కృష్ణా ప్రాంతపు సంఘ చరిత్రలోనే ఉంది. రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య గారు మాల కుటుంబంలో పుట్టినవారు. నిజమైన దేవుణ్ణి తెలుసుకోవాలని వెతుకుతూ, 1859లో సి.ఎమ్.ఎస్. మిషనరీ డార్లింగ్ గారి దగ్గరకు బెజవాడ వచ్చారు. డార్లింగ్ గారు అంతకుముందు ఏళ్ల తరబడి పనిచేసినా చెప్పుకోదగ్గ ఫలితం చూడలేదు. ఎవరూ రావడం లేదని ఆయన విసిగి వెళ్లిపోయి ఉంటే, వెంకయ్య గారు అడిగిన రోజున జవాబు చెప్పేవారు ఉండేవారు కాదు. ఆ తరువాత చుట్టుపక్కల పల్లెలకు సువార్త పాకింది వెంకయ్య గారి వంటి పల్లె విశ్వాసుల ద్వారా, వారి బంధుత్వాల ద్వారా. ఓపికగా ఉన్నచోట ఉండటం కూడా పరిచర్యే.

1912లో అభిషేకం పొందిన బిషప్ అజరయ్య గారు ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు. దోర్నకల్ ఆయన కేంద్రం. తరువాత మన కృష్ణా ప్రాంతపు సంఘాలు కూడా ఆయన ఆధ్వర్యంలోకి వచ్చాయి. విశ్వాసుల నడవడే అన్నిటికన్నా గట్టి సాక్ష్యమని ఆయన బోధించేవారు. 1920, 30లలో ఇతర కులాలవారు సంఘంలో చేరడం మొదలైనప్పుడు, వారిని కదిలించినది తమ పొలాల్లో కూలికి వచ్చే దళిత క్రైస్తవుల జీవితంలో వచ్చిన మార్పు. ఆ కూలీలలో చాలామందికి చదువు లేదు. వారి బ్రతుకే వారి కరపత్రం.

కృష్ణకు అవతలి ఒడ్డున గుంటూరులో డాక్టర్ అన్నా శారా కుగ్లర్ గారి సంగతి పెద్దవారికి తెలిసే ఉంటుంది. 1883లో వచ్చారు, 1898లో ఆసుపత్రి తెరిచారు, 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. తమ ఇంటివారికి ఆమె చేసిన వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు రాజా వారు ఆసుపత్రికి ఎదురుగా రోగుల బంధువుల కోసం సత్రం కట్టించారు. ఆత్మల లెక్క రాసే పుస్తకంలో ఆ సత్రాన్ని ఏ గడిలో రాయాలి?

ఇంకొక సంగతి కూడా ఆలోచించాలి. బాప్తిస్మం తీసుకున్న దళిత కుటుంబానికి 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా ఉండదు. మన రాష్ట్రంలో వారు బీసీ-సి కిందకు వస్తారు. పిల్లల చదువు, ఉద్యోగం దానితో ముడిపడి ఉంటాయి. ఇతర ఇళ్లలో ఆడపిల్ల పుట్టింటి రాకపోకలే ఆగిపోవచ్చు. ఆ వెల కట్టేది వారు, తొందరపెట్టిన మనం కాదు. కాబట్టి ఆ నిర్ణయం ఆరోగ్యంగా ఇంటికి వెళ్లి, నిదానంగా ఆలోచించి, స్వేచ్ఛగా తీసుకోవలసినది. రేపు ఆపరేషన్ అని భయపడుతున్న రాత్రి తీసుకోవలసినది కాదు.

అందుకే మా విద్యార్థినులకు ఇలా నేర్పుతాం. ప్రార్థన చేసేముందు "చేయమంటారా?" అని అడగాలి. వద్దంటే చిరునవ్వుతో మందు ఇచ్చి రావాలి, మళ్లీ అడగకూడదు. ప్రార్థన కోరినవారికీ కోరనివారికీ డ్రెస్సింగ్ ఒకే శ్రద్ధతో చేయాలి. పుండు వాసన వచ్చినా ముఖం చిట్లించకూడదు. "మీకింత ఓపిక ఎక్కడిదమ్మా?" అని రోగి అడిగితే మాత్రం దాచకూడదు. ప్రభువు నామం స్పష్టంగా, రెండు మాటల్లో చెప్పాలి. ఇంకా వినాలంటే చాప్లిన్ గారిని పిలవాలి. మొదటి పేతురు పత్రిక 3వ అధ్యాయం చెప్పేదీ ఇదే. అడిగినవారికి సాత్వికంతో జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండాలి.

ఆదివారం ఆరాధన తరువాత వార్డులకు వచ్చే సంఘస్థులకు మా మనవి. కరపత్రాల సంచితో పాటు ఒక ఫ్లాస్కులో వేడినీళ్లు తీసుకురండి. తోడు ఎవరూ లేని ముసలివారి పక్కన ఒక గంట కూర్చోండి. గంజి తాగించండి. రక్తం అవసరమైనప్పుడు మీ యువకులను పంపండి. పేరు చెప్పకుండా ఒక బీద రోగి మందుల బిల్లు కట్టండి. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియనివ్వవద్దని ప్రభువే నేర్పాడు గదా.

రోగులకు, వారి బంధువులకు కూడా ఒక మాట. ఇక్కడ ప్రార్థన వద్దనడానికి మీకు పూర్తి స్వేచ్ఛ ఉంది. మీ దేవుని పటం మీ తలగడ కింద పెట్టుకోండి, ఎవరూ తీయరు. దానివల్ల మీ వైద్యంలో ఏ తేడా రాదు. ఎవరైనా బలవంతపెడితే నర్సింగ్ ఆఫీసుకు వచ్చి చెప్పండి.

విత్తనం మొలిపించేది దేవుడు. మా వంతు మంచం దుప్పటి శుభ్రంగా మార్చడం, మందు వేళకు ఇవ్వడం, అడిగితే నిజం చెప్పడం. ఫలితం ఆయన పుస్తకంలో ఉంటుంది, మా రిజిస్టరులో ఉండనక్కరలేదు.

ప్రభువు సేవలో,
నర్సింగ్ సూపరింటెండెంట్, నర్సింగ్ సిబ్బంది