కొండచెఱువులో మునుగువారు ఎఱుగవలసినది

గోలీసోడా కొట్టినప్పుడు నీటిలో నణగియున్న వాయువు బుసబుస పొంగుటను మన బాలురందఱును చూచియే యుందురు. గోలీ బిగిసియున్నంతసేపు ఆ నీరు నిశ్చలముగా నుండును. ఒత్తిడి తగ్గగానే బుడగలు బయలుదేఱును. మనుష్యదేహమందును ఇట్టిదే జరుగవచ్చును.

వీపున గాలిసిలిండరు కట్టుకొని స్కూబా విధమున నీట మునుగువాని దేహములోనికి, లోతునందలి యొత్తిడిచేత నత్రజని యధికముగా ఇంకును. వాడు మెల్లగా పైకి వచ్చిన, అది శ్వాసతో వెడలిపోవును. తొందరపడెనేని బుడగలై కీళ్లనొప్పులను, పక్షవాతమును, ఒక్కొక్కప్పుడు మరణమును గూడ కలిగించును. ఎంత లోతున ఎంతసేపుండి ఎట్లు పైకి రావలెనో తెలుపు పట్టికలను హాల్డేన్ పండితుడును ఆయన సహచరులును 1908 లో ప్రకటించిరి.

ఇంతవఱకు మునుగువారందఱు నెఱుగుదురు. వారిలో కొందఱు మఱచునది కొండయెత్తు. సాధారణపు పట్టికలు సముద్రమట్టము నుద్దేశించి కట్టబడినవి. కాలిఫోర్నియా సరిహద్దునందలి టాహో సరస్సు 1,897 మీటర్ల యెత్తున నున్నది. అచ్చటి వాయుపీడనము సముద్రతీరమందలి దానిలో ఇంచుమించు ఐదింట నాలుగు వంతులే. కావున అచ్చట 24 మీటర్లు మునిగినవాడు పట్టికలో 30 మీటర్ల లెక్క చూచుకొనవలెను. అదియుగాక, తీరమునుండి అప్పుడే కారులో ఎక్కివచ్చినవాని దేహమున, నీట కాలిడకముందే, ఆ యెత్తునకు మించిన నత్రజని యుండును. అది సమమగుటకు 12 గంటలు ఆగుట మేలు.

తిరుగుప్రయాణము మఱింత మోసకరము. సరస్సునుండి తీరమునకు పోవుట దిగుటయే కదా యని తోచును. కాని దక్షిణపుటొడ్డునుండి శాక్రమెంటోకు పోవు రహదారి మొదట 2,250 మీటర్ల యెత్తుగల ఎకో సమ్మిట్ కనుమ నెక్కి, పిమ్మటనే దిగును. హవాయి ద్వీపమున సముద్రములో మునిగినవారు 24 గంటలు గడవనిదే 4,205 మీటర్ల మౌనకియా శిఖరమునకు పోరాదని యాత్రికులను హెచ్చరించుచున్నారు. మునిగినవానికి విమానమెంతటిదో కొండబాటయు నంతటిదే.

సెలవులు కొద్ది, వ్యయ మధికము, ఒక దినమును వృథాపుచ్చనేల యని కొందఱందురు. ఈ మాటలో న్యాయము లేకపోలేదు. అయినను ఆ దినము వృథాయని మేమొప్పము. గట్టెక్కుటతో మునక ముగియదు. దేహములోని వాయువు వెడలిపోయిననాడే ముగియును. ఆగుట పిఱికితనము కాదు, లెక్క తెలిసినవాని ధైర్యము.

మన తెలుగు కుటుంబము లనేకము నేడు కాలిఫోర్నియాలో నివసించుచున్నవి గనుక ఇది మనకు పరాయి సంగతి కాదు. తల్లిదండ్రులారా, మీ బిడ్డలు అట్టి ప్రయాణమునకు పూనినప్పుడు మూడు ప్రశ్నలడుగుడు: కొండయెత్తున మునుగుట శిక్షకునివద్ద నేర్చితివా? చేరినపిదప ఒక రాత్రి యాగుదువా? మునిగినపిదప, కనుమ నెక్కకముందు, ఒక దినము విడిచితివా? మునిగివచ్చిన పిమ్మట కీళ్లనొప్పియో తిమ్మిరియో తోచినయెడల దాచక, వెంటనే ప్రాణవాయువును వైద్యుని సాయమును పొందుమని చెప్పుడు. ఈ మాటలు వినుటకు కొంచెము విసుగు కలుగవచ్చును. బిడ్డలు క్షేమముగా ఇల్లు చేరుటకంటె మనకు కావలసిన దేమున్నది?